దశమూలాలు దక్కాలంటే అడవి నిలవాలి

ప్రసవానంతరం బాలింతకు దశమూల కషాయమిచ్చే ఆచారం మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్నది. చరక సంహితలో శోథహరములుగా, అనగా వాపును హరించేవిగా, చెప్పబడిన పది ద్రవ్యాలు ఇవే. మారేడు, తక్కిలి, దుండిలం, కలిగొట్టు, గుమ్మడిటేకు - ఈ అయిదింటి వేళ్లు బృహత్ పంచమూలం. ముయ్యాకుపొన్న, కోలపొన్న, పెద్దములక, వాకుడు, పల్లేరు - ఇవి లఘు పంచమూలం.

కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు, వైద్యుని సలహాపై ఈ మూలికలు కొనితెచ్చాను. పొట్లం విప్పి చూస్తే వేళ్లకన్న కాండపు బెరడు ముక్కలే అధికం. తిరిగి వెళ్లి అడిగాను. "అమ్మా, దుండిలం వేరు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు వర్తకుడు. ఆనాడు కషాయం కాచనేలేదు.

అతని జవాబు నాకు రుచించలేదు గాని, అందులో కొంత నిజమున్నది. ఆకు కోస్తే చెట్టు మళ్లీ చిగురిస్తుంది; వేరు త్రవ్వితే చెట్టే పోతుంది. పైగా దుండిలం పువ్వు రాత్రివేళ విచ్చుకుంటుంది. దాని పరాగసంపర్కం గబ్బిలాల వల్ల జరుగుతుంది. గబ్బిలాలకు గూడు లేని చోట దుండిలానికి కాయ కరువే! కనుక మొక్కలు నాటితే చాలదు, వాటితో బ్రతికే జీవులు కూడ ఉండాలి.

మన దేశంలో అడవుల నిర్వహణ కార్యాచరణ ప్రణాళికల ప్రకారం సాగుతుంది. వీటిని సాధారణంగా పదేళ్లకొకసారి తయారుచేస్తారు. పూర్వం వీటిలో కలప దిగుబడికే అగ్రస్థానం. మిశ్రమారణ్యాలను నరికి టేకు, నీలగిరి తోటలు పెంచిన ప్రాంతాలెన్నో. 1988 జాతీయ అటవీ విధానం పర్యావరణ సమతుల్యతే ప్రధాన లక్ష్యమనీ, ఆర్థిక లాభం దాని తరువాతనే అనీ ప్రకటించింది. 2014 నాటి జాతీయ కార్యాచరణ ప్రణాళికా నియమావళి జీవవైవిధ్య పరిరక్షణను, అభివృద్ధిని ప్రణాళికలో భాగం చేసింది. ఈ నియమావళిని 2023లో సవరించారు.

ఇది కాగితంపై నిలిచిపోరాదు. కలపతో బాటు మూలికలనూ, వాటి పిలకలనూ లెక్కించాలి. తొర్రలున్న ముదురు చెట్లను విడిచిపెట్టాలి. వేళ్లు త్రవ్వే చోటికి కొన్నేళ్లు విశ్రాంతినివ్వాలి.

గృహిణులు చేయదగినదీ ఉన్నది. మూలికలు కొనేటప్పుడు వేరా, బెరడా అని అడగండి. వైద్యుని సంప్రదించకుండా బాలింతకు ఏ కషాయమూ ఇవ్వవద్దు. స్థలముంటే పెరట్లో ఒక మారేడు నాటండి. దుండిలాన్ని మాత్రం అడవే కాపాడాలి; ఆ అడవిని మనం కాపాడుకోవాలి.