బడికి వెళ్లబోయే పాపకు ఏ కానుక?

వచ్చే జూన్‌లో ఒకటో తరగతిలో చేరబోయే పాప మీ ఇంట్లో ఉందనుకోండి. క్రిస్మస్ కానుక కొందామని మీరు బజారుకు బయలుదేరారు. దుకాణంలో మీట నొక్కితే పాడే బొమ్మ ఉంది. తనంత తానే పరుగెత్తే కారు ఉంది. అంకెలు అప్పజెప్పే పలక ఉంది. వీటిలో ఏది కొంటారు?

కొనేముందు ఒక చిన్న ప్రశ్న వేసుకోండి. ఈ వస్తువుతో ఆడేటప్పుడు పనిచేసేది ఎవరు? బొమ్మా, పాపా? మీట నొక్కడం తప్ప పాపకు పనేమీ లేకపోతే ఆ బొమ్మ వల్ల చేతికి గాని, బుద్ధికి గాని లాభం తక్కువ. మంచి ఆటవస్తువు తాను తక్కువ పనిచేసి, పిల్లల చేత ఎక్కువ పని చేయిస్తుంది.

ఆరు ఉన్ని బంతులు

ఈ సంగతిని బాగా గుర్తించినవాడు జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ (1782–1852). కిండర్‌గార్టెన్ అనే మాట ఆయన కల్పించిందే. యువకుడిగా ఉన్నప్పుడు బెర్లిన్‌లో ఖనిజాల ప్రదర్శనశాలలో పనిచేస్తూ స్ఫటికాల ఆకారాలను పరిశీలించాడు. తరువాత పసిపిల్లల కోసం వరుసగా కొన్ని ఆటవస్తువులు తయారుచేసి, వాటికి ‘కానుకలు’ అనే పేరే పెట్టాడు. మొదటి కానుక రంగురంగుల ఉన్ని దారంతో అల్లిన ఆరు బంతులు. రెండోది చెక్కతో చేసిన గోళం, స్తూపం, ఘనం. మూడోది ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే పెద్ద ఘనం. ఇవి వాటంతట అవి ఏమీ చేయవు. పేర్చడం, విడదీయడం, పోల్చడం అంతా పిల్లల పనే.

మన దేశంలో ఈ దారిన నడిచినవారిలో ముఖ్యుడు గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా (1885–1939). ఆయన 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం నెలకొల్పాడు. పిల్లలకు భయం, దండన లేని చదువు ఉండాలని జీవితమంతా పాటుపడ్డాడు.

సూరత్‌లో దొరికే కానుక

అదే గుజరాత్‌లోని సూరత్‌లో లింబాయత్ వంటి పేటల్లో తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మరమగ్గాల మీద వచ్చే సంపాదనతో ఖరీదైన బొమ్మలు కొనడం చాలామందికి భారమే. అయితే ఫ్రోబెల్ బోధించిన పనుల్లో ఒకటి వీరి కులవిద్యే! అది కాగితపు నేత.

ఒక అట్టముక్కకు నిలువుగా చీలికలు పెట్టండి. అదే పడుగు. రంగు కాగితపు పట్టీలు పేక. మొదటి పట్టీ ఒక చీలిక పైనుంచి, మరొక దాని కిందినుంచి పోతుంది. రెండో పట్టీ దానికి తలకిందులుగా పోవాలి. పొరపాటున మొదటి పట్టీ లాగే దూరిస్తే రెండూ పక్కపక్కనే చేరి ఒకే పట్టీలా కనిపిస్తాయి, నేత కుదరదు. తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కరలేదు, పాపే కనిపెడుతుంది. సరి, బేసి అనే మాటలు వినకముందే వాటి భావం చేతికి అందుతుంది.

నూలు చుట్టి వచ్చే అట్టగొట్టాలు కూడా మంచి ఆటవస్తువులే. నూనె మరకలు లేనివి ఏరి, వేర్వేరు పొడవుల్లో కోసి ఇవ్వండి. పాప వాటిని నిలబెట్టి గోపురం కడుతుంది, పొడవు ప్రకారం వరుసగా పేరుస్తుంది, మందపాటి తాడుకు గుచ్చుతుంది.

చేతికి తొందర వద్దు

అక్షరాలు దిద్దించే పుస్తకం ఇస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉన్నాయి. పుట్టినప్పుడు అవి దాదాపు అన్నీ మృదులాస్థిగానే ఉండి, ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా ఎముకగా మారతాయి. ఐదేళ్ల పాపకు ఈ పని ఇంకా పూర్తికాదు. చేతి కండరాల పట్టు కూడా అప్పుడప్పుడే కుదురుకుంటూ ఉంటుంది. బంకమట్టి పిసకడం, కాగితం చింపడం, పూసలు గుచ్చడం వేళ్లను పెన్సిలుకు సిద్ధం చేస్తాయి. గుజరాత్‌లో 2023–24 నుంచి జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండినవారినే ఒకటో తరగతిలో చేర్చుకుంటున్నారు. కాబట్టి తొందరేమీ లేదు.

మీరే చేసి చూడండి

ఆరేసి చింతగింజలతో రెండు వరుసలు పేర్చండి. రెండింటిలో సమానంగా ఉన్నాయని పాప ఒప్పుకున్నాక, ఒక వరుసను దూరదూరంగా జరపండి. ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయని అడగండి. వందదాకా అప్పజెప్పే పాప కూడా పొడవైన వరుసనే చూపించవచ్చు! స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు జీన్ పియాజే ఈ విషయాన్ని వివరించాడు. ఇది తెలివితక్కువతనం కాదు, ఎదుగుదలలో ఒక మెట్టు. గద్దించకండి. గుంటకొక గింజ వేస్తూ ఆడే వామనగుంటల పీట కానుకగా ఇవ్వండి. లెక్క అంటే ఏమిటో ఆటలోనే తెలుస్తుంది.

రెండు భాషల కథ

సూరత్ నగరపాలక సంస్థ తెలుగుతో సహా పలు మాధ్యమాల్లో బడులు నడుపుతున్నది. పాప ఏ మాధ్యమంలో చేరినా ఇంటి భాషలో విన్న కథలు చదువుకు పునాది. నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకాలను పలు భారతీయ భాషల్లో ప్రచురిస్తుంది. ఒకే కథ తెలుగులోను, గుజరాతీలోను దొరికితే రెండూ కొనండి. మన గుణింతమే వారి బారాఖడీ అని పాపకు త్వరలోనే అర్థమవుతుంది.

జాగ్రత్తలు

ఇంట్లో మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే చింతగింజలు, పూసలు వారికి అందనీయకండి. గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. జానెడు కన్నా పొడవైన తాడు కూడా ఆ పసివారి చేతికి చిక్కకూడదు. బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు, కనుక ఆ బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ కొనవద్దు. మింగినట్లు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. 2021 జనవరి 1 నుంచి దుకాణాల్లో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పెచ్చులూడే రంగు పూసిన బొమ్మల్లో సీసం ఉండవచ్చు, అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది.

క్రిస్మస్ నుంచి జూన్ దాకా ఐదు నెలలకు పైగా వ్యవధి ఉంది. ఒక సాయంకాలం పాప పక్కన కూర్చుని మొదటి కాగితపు పట్టీ మీరు దూర్చండి. రెండోది ఎటు పోవాలో మాత్రం చెప్పకండి.