ఫొటో మసకగా వస్తే తప్పెవరిది?

ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికొకతె. పని చేతగాక పనిముట్టును తిట్టేవాళ్ళ మీద పుట్టిన సామెత ఇది. కాని సోదరీమణులారా, ఒక్కొక్కప్పుడు మద్దెల నిజంగానే ఓడై వుంటుంది. అది కనుక్కోకుండా ఆడినవాళ్ళనే తప్పుపడితే అన్యాయం కదూ?

ఫొటోల విషయంలో ఈ అన్యాయం మన ఆడవాళ్ళకు తరచు జరుగుతూ వుంటుంది. అన్నప్రాసననాడు పాపాయి ఫొటో తల్లి తీస్తుంది. ఫిలిం కడిగించి చూస్తే పాపాయి మొహం మసగ్గా వుండి, వెనక కూచున్న బామ్మగారి చీర జరీ మాత్రం పోగుపోగునా కనిపిస్తుంది. "నీకు ఫోకస్ చెయ్యడం రాదు" అనేస్తారు ఇంట్లోవాళ్ళు. కావచ్చు. తప్పు కెమేరాది కూడా కావచ్చు. ఎవరిదో తేల్చుకోవడానికి ఒక్క సాయంత్రం చాలు. ఫిలిం కూడా ఖర్చు కాదు.

నేను చెప్పేది రేంజ్‌ఫైండర్ కెమేరాల సంగతి. జపానులో 1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35, జర్మనీ లైకాలు, సోవియట్ యూనియన్‌లో తయారైన జోర్కీ, ఫెడ్ కెమేరాలు ఈ జాతివే. ఈమధ్య ఫిలిం మీద మళ్ళీ మోజు పుట్టి, అటకమీది తాతగారి కెమేరాను పిల్లలు కిందికి దింపుతున్నారు. ఇప్పటి ఫిలిం ధరకు ఒక్కొక్క బొమ్మనూ లెక్కపెట్టుకుని తియ్యాలి. కనుక రీలు వెయ్యకముందే పరీక్ష చేసుకోవడం మంచిది.

ముందు ఇది పనిచేసే తీరు చూద్దాం. మొహానికి ఎదురుగా ఒక వేలు పెట్టి, ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి చూడండి. వేలు పక్కకు జరిగినట్లుంటుంది. దగ్గరగా వుంటే ఎక్కువ, దూరమైతే తక్కువ. ఈ తేడాను బట్టే దూరం తెలుస్తుంది. రేంజ్‌ఫైండర్‌కూ మనలాగే రెండు కళ్ళు, అంటే రెండు కిటికీలు. 1954లో వచ్చిన లైకా ఎం3లో ఆ కిటికీల మధ్య ఎడం 68.5 మిల్లీమీటర్లు. మన కళ్ళ ఎడం కంటే కాస్త ఎక్కువ, అంతే. రెండో కిటికీ బొమ్మ అద్దాల మీదుగా వచ్చి మొదటి బొమ్మ నడుమ పడుతుంది. మనం లెన్సు రింగు తిప్పుతుంటే లోపలి అద్దం కదిలి, ఆ రెండు బొమ్మలూ ఒకటవుతాయి. ఒకటైతే ఫోకస్ కుదిరినట్లు లెక్క.

చిక్కంతా ఇక్కడే వుంది. మనం చూసేది కిటికీలోంచి, బొమ్మ పడేది లెన్సులోంచి. ఒకదాని మొహం ఒకటి చూడని ఆ ఇద్దరి మధ్యా పెళ్ళిళ్ళ పేరయ్యలాంటి మీట ఒకటి కబుర్లు మోస్తుంది. లైకాలో 1932 నాటి రెండో మోడలుతో వచ్చిన ఏర్పాటు ఇది. లెన్సు వెనకవున్న లోహపు అంచు మీటను నెడుతుంది, మీట అద్దాన్ని తిప్పుతుంది. కెమేరా ఎప్పుడో కిందపడినా, మీట అరిగినా, లెన్సును ఎవరైనా విప్పి సరిగా బిగించకపోయినా కబురు వెంట్రుకవాసి తప్పుతుంది. కిటికీలో బొమ్మలు ముచ్చటగా కలుస్తాయి. ఫిలిం మీద మాత్రం మసక!

మొదటి పరీక్షకు డాబా ఎక్కండి. కిలోమీటరుకు తక్కువ కాకుండా దూరంలో వున్న సెల్‌టవరునో, రాత్రయితే చంద్రుణ్ణో ఎంచుకోండి. లెన్సు రింగును పడుకోబెట్టిన 8 అంకెలాంటి గుర్తు దాకా పూర్తిగా తిప్పండి. కిటికీలో రెండు బొమ్మలూ ఒకటి కావాలి. పక్కపక్కన విడిగా వుంటే రేంజ్‌ఫైండర్‌కో లెన్సుకో సవరణ కావాలన్నమాట. ఒకదానిమీద ఒకటి, అంటే కిందికీ పైకీ విడిపోతే మాత్రం బెంగపడకండి. దానివల్ల చూడడం కష్టమవుతుందేగాని దూరం కొలత తప్పదు.

రెండో పరీక్షకు కెమేరాలో ఫిలిం వుండకూడదు. వెనక తలుపు తెరిచి, ఫిలిం ఆనే లోపలి పట్టాల మీద ట్రేసింగ్ పేపరు ముక్కను ముడతలేకుండా లాగి అతికించండి. షట్టరు తెరకు వేలు తగలనివ్వకండి. షట్టరు 'బి' గుర్తు మీద వుంచి, బటన్ నొక్కి పట్టుకుంటే కాగితం మీద బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. బ్యాటరీతో నడిచే కెమేరా అయితే ముందు బ్యాటరీ వేసుకోవాలి. రింగు చివరిదాకా తిప్పి వుండగా దూరపు టవరు కాగితం మీద స్పష్టంగా వుందా? భూతద్దంతో చూడండి. స్పష్టంగా వుండి, కిటికీలో మాత్రం బొమ్మలు విడిపోతే తప్పు రేంజ్‌ఫైండర్‌ది. కిటికీలో కలిసి, కాగితం మీద మసకైతే అనుమానం లెన్సు మీదికి మళ్ళుతుంది. వెనక తలుపు లేని పాత స్క్రూ లైకాల్లో ఇది కుదరదు. వాటికి ఫిలిం మీదే పరీక్ష.

మూడోది దగ్గరి పరీక్ష. బల్లమీద అయిదు అగ్గిపెట్టెలు ఐమూలగా నిలబెట్టండి. ఒకదానికంటే ఒకటి అయిదు సెంటీమీటర్లు వెనక వుండాలి. కెమేరాను కదలకుండా పెట్టి, మధ్య పెట్టెను మీటరు దూరంలో వుంచండి. ఆ దూరాన్ని లెన్సు మొహం నుంచి కాక ఫిలిం వుండే చోటు నుంచి కొలవాలి. అపెర్చర్ పూర్తిగా తెరవండి. కిటికీలో మధ్య పెట్టె మీద బొమ్మలు కలిపి, కాగితం చూడండి. మధ్యదే స్పష్టంగా వుంటే కెమేరా నిర్దోషి. ముందు పెట్టె స్పష్టమైతే ఫోకస్ ముందుకు పోతోంది. వెనకదైతే వెనక్కు. కన్ను పొరబడకుండా మూడుసార్లయినా చెయ్యండి.

అపెర్చర్ పూర్తిగా తెరవడం ఎందుకంటారా? 50 మిల్లీమీటర్ల లెన్సుకు మీటరు దూరంలో, ఎఫ్ 2 దగ్గర స్పష్టంగా వుండే మేర నాలుగైదు సెంటీమీటర్లే. ఎఫ్ 8 దగ్గర అది సుమారు 18 సెంటీమీటర్లు. అంత మేరలో చిన్న లోపం దాక్కుంటుంది. ఎండలో బాగా వచ్చి, ఇంట్లో దీపాల వెలుగున మసకయ్యే ఫొటోల రహస్యం చాలాసార్లు ఇదే.

లెన్సులు మార్చుకునే కెమేరా అయితే తీర్పు ఇంకా సులువు. అన్ని లెన్సులూ ఒకే తీరుగా తప్పితే దోషం కెమేరాది. ఒక్కటే తప్పితే ఆ లెన్సుది. పాత స్క్రూ లెన్సును లైకా ఎం కెమేరాకు బిగించే రింగు మందం ఒక్క మిల్లీమీటరు వుండాలి. నాసిరకం రింగుతో ఆ కొలత తప్పినా ఇదే గొడవ. జైస్ సి సోనార్ 50 వంటి కొన్ని లెన్సుల్లో అపెర్చర్ తగ్గించినకొద్దీ ఫోకస్ వెనక్కు జరగడం స్వభావం. అది జబ్బు కాదు, ఎరిగి వాడుకోవాలి.

అన్నింట్లోనూ కెమేరా గెలిస్తే అప్పుడు మన చేతిని చూసుకుందాం. ఫోకస్ చేశాక ఒళ్ళు ముందుకు వాలిందా? పాపాయే జరిగిందా? కిటికీ అద్దం మీద వేలిముద్రలున్నాయా? దూరపుచూపు కళ్ళజోడు తీసేసి చూశామా?

తప్పు కెమేరాదని తేలితే స్క్రూడ్రైవరు జోలికి పోవద్దు. దూరానికొక సవరణ, దగ్గరకొక సవరణ వుంటాయి. ఒకటి కదిపితే రెండోది చెడవచ్చు. మెకానిక్కుకు కెమేరా, లెన్సు కలిపే ఇవ్వండి. ఏ పరీక్షలో ఏం కనిపించిందో చీటీమీద రాసివ్వండి. "ఫొటోలు మసకగా వస్తున్నాయి" అనేకంటే "మీటరు దూరంలో ఫోకస్ అయిదు సెంటీమీటర్లు వెనక పడుతోంది" అంటే అతనికీ పని సులువు, మన మాటకూ విలువ. బాగై వచ్చేలోగా వేడుకేదైనా వస్తే, వేరే కెమేరాతో తియ్యండి. తిరిగి వచ్చాక అగ్గిపెట్టెల పరీక్ష మళ్ళీ చేసి చూసుకుని, అప్పుడే రీలు వెయ్యండి. పాపాయి అన్నప్రాసన రెండోసారి రాదు కదా!