గడప కొరికే కుక్క

చెక్కగూడును కుక్క ఎక్కడ కొరికిందో చూస్తే, ఎందుకు కొరికిందో చాలావరకు తెలిసిపోతుంది. గడప అంచునో తలుపు పక్క పలకనో పీకిందంటే బయటపడాలని ఆరాటపడినట్టు. లోపలి మూలలు నున్నగా అరిగి, ఎంగిలితో తడిసి ఉంటే పొద్దుపోక చేసిన పని. నేల మీద పేళ్లు రాలి ఉంటే కొరికి ఊసేస్తోంది. గాట్లు లోతుగా పడినా పేడు ఒక్కటీ కనిపించకపోతే మింగేస్తోంది. అన్నిటికంటే ప్రమాదం ఇదే. గూటికి ఏం పూయాలా అని దుకాణానికి వెళ్లే ముందు ఓసారి వంగి ఆ పంటిగాట్లు చూడటం మేలు.

బూర్గంపాడు లాంటి ఊళ్లలో కుక్క ముచ్చట కోసమే ఉండదు, పని చేస్తుంది. ఒకపక్క గోదావరి, దగ్గర్లోనే దానిలో కలిసే కిన్నెరసాని, ఇంకోపక్క అడవి, నడుమ వరి, పత్తి, మిరప చేలు. అడవిపందులు చేలో పడితే అరవాలి. కల్లంలో ఆరబోసిన మిరపకాయలకు కాపు కాయాలి. రాత్రంతా అలా తిరిగిన కుక్కను తెల్లారగానే గొలుసేసి గూటికి కట్టేస్తే దాని ఒంట్లో సత్తువ ఎటు పోవాలి? నోటికి అందేది గూడే. ఊరకుక్కల సంగతి ఇలా ఉంటే, ముచ్చటపడి తెచ్చుకున్న లాబ్రడార్ల సంగతి చెప్పనక్కర్లేదు. వేటలో కూలిన పిట్టను నోటకరచి తెచ్చేందుకే పెంచిన జాతి అది. నోట్లో ఏదో ఒకటి లేకపోతే దానికి తోచదు.

పిల్లకుక్కల లెక్క వేరు. వాటికి పాలపళ్లు 28. నాలుగో నెల అటూఇటూగా అవి ఊడటం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఆ మధ్యకాలంలో చిగుళ్ల దురద తీరాలంటే ఏదో ఒకటి కొరకాల్సిందే. అప్పుడు కొట్టడం అన్యాయం, పైగా దండగ. గంట కిందట కొరికిన చెక్కకూ ఇప్పుడు పడిన దెబ్బకూ సంబంధం కుక్కకు తెలియదు. యజమాని వస్తే భయపడాలని మాత్రం తెలుస్తుంది. కొరుకుతుండగా చూస్తే చెక్క నుంచి మళ్లించి, కొరకదగ్గ వస్తువు నోటికిచ్చి, దాన్ని పట్టుకోగానే మెచ్చుకోవాలి. గట్టి రబ్బరు బొమ్మ లోపల పెరుగన్నం కూరి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి ఇస్తే చిగుళ్లకు చల్లగా ఉంటుంది, చాలాసేపు పని దొరుకుతుంది. అన్నంలో ఉల్లి, వెల్లుల్లి పడకూడదు. రెండూ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన ఎముకలూ పనికిరావు, పెళుసుగా విరిగి గొంతులో గుచ్చుకుంటాయి.

ఎదిగిన కుక్కకు అసలు మందు గొలుసు విప్పడమే. పొద్దున ఎండ ముదరక ముందు, సాయంత్రం నేల చల్లబడ్డాక బాగా అలిసేలా తిప్పాలి. ఇది దయాదాక్షిణ్యాల మాటే కాదు, చట్టం కూడా. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం మరీ పొట్టి, మరీ బరువైన గొలుసుతో అదేపనిగా కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం లేకుండా చేయడమూ నేరమే. మనుషులు కనుమరుగైతే చాలు తలుపు పీకే కుక్కకు ఒంటరితనం కొద్దికొద్దిగా అలవాటు చేయాలి: మొదట రెండు నిమిషాలు, తర్వాత ఐదు, ఆపైన పావుగంట.

ఇక పూతలు. మిరపపొడి నీళ్లలో కలిపి పులమడం ఖమ్మం వైపు ఎవరికైనా ముందు తట్టే చిట్కా, సరుకు ఇంట్లోనే ఉంటుంది కనుక. అది కుక్క కళ్లలో, ముక్కులో పడి బాధపెడుతుంది, వాన పడితే కొట్టుకుపోతుంది. వేపనూనె నయమే అనిపించినా ఎక్కువగా నాకితే వాంతులవుతాయి. కలబంద పసుపు రసంతో విరేచనాలు పట్టుకుంటాయి. కుక్కల కోసమే అమ్మే చేదు స్ప్రేలు కొంతవరకు పనిచేస్తాయి, రోజూ కొట్టాలి. మనిషి నాలుక మీద రుచిమొగ్గలు దాదాపు 9 వేలైతే కుక్కకు 1,700 మాత్రమే. కొన్ని కుక్కలు ఏ చేదునూ లెక్కచేయవు. చెద పట్టకుండా కాలిన ఇంజిన్ ఆయిలో, చెదల మందో పూసిన గూడు మాత్రం కొరికే కుక్క పాలిట విషం. పాత రంగుడబ్బాలతోనూ జాగ్రత్త: ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే.

చెక్క ఎంపిక దగ్గరే సగం పని అయిపోతుంది. సారపాక కాగితపు మిల్లు పుణ్యమా అని ఈ చుట్టుపక్కల సుబాబుల్, జామాయిల్ తోటలకు కొదవ లేదు. కానీ జామాయిల్ ఆరేకొద్దీ పగులుతుంది, ఆ పగులే పంటికి పట్టు. ప్లైవుడ్ తడిస్తే పొరలు లేచి కొరకమని పిలిచినట్టే ఉంటుంది. ప్యాకింగ్ పెట్టెల చెక్క వాడేవారు దాని మీది ముద్ర చూడాలి: ‘హెచ్‌టీ’ అంటే వేడితో శుద్ధి చేసినది, ‘ఎంబీ’ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. రెండోది వద్దు. టేకు మేలు. ఏ చెక్కయినా చిత్రిక పట్టించి, అంచులు గుండ్రంగా తీయించి, ఉప్పుకాగితంతో రుద్దించాలి. పళ్లు పట్టేది అంచునే. చదునైన పలకను కుక్క కొరకలేదు.

గడపకు, ద్వారం పక్కలకు అల్యూమినియం ఎల్ యాంగిల్ బిగిస్తే చాలా గూళ్లు నిలుస్తాయి. మొనలు ఆకురాయితో అరగదీయాలి, స్క్రూల తలలు లోపలికి దిగాలి. జీఐ తీగ, కోళ్ల జాలి వాడకూడదు. వాటి పూతలోని జింకు కడుపులోకి పోతే రక్తహీనత వస్తుంది. పైగా విసుగెత్తిన కుక్క ఇనుమునూ వదలదు. అలా కొరికి కొరికి కోరపళ్ల వెనుకవైపు నెలవంకలా అరిగి, చివరికి విరుగుతాయి. యాంగిల్ బిగించాక కుక్క దాన్నే కొరుకుతోందంటే మళ్లీ గొలుసు విప్పడం దగ్గరికే రావాలి.

గూటిని ఇటుకల మీద నీడలో పెట్టాలి. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు; వేడెక్కిన గూట్లోంచి బయటపడటానికీ కుక్క గడప పీకుతుంది. వరదది ఇంకో బెడద. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు బూర్గంపాడు మండలంలోకి నీళ్లొచ్చాయి. నానిన చెక్క మెత్తబడుతుంది, నున్నటి పలకా పేళ్లు లేస్తుంది. పూర్తిగా ఆరి, మళ్లీ చిత్రిక పట్టేదాకా అందులో కుక్కను ఉంచకూడదు. నీళ్లు వస్తాయంటే అన్నిటికంటే ముందు గొలుసు విప్పాలి.

ఇన్ని చేసినా చెక్క మింగుతూనే ఉంటే అది అలవాటు కాకపోవచ్చు. నులిపురుగులు, రక్తహీనత, జీర్ణకోశ జబ్బులు ఉన్న కుక్కలూ మట్టి, చెక్క తింటాయి, పశువైద్యుడు చూడాలి. ముందుకాలితో మూతి గోక్కుంటూ చొంగ కారుస్తుంటే పేడు అంగిట్లో, పైదవడ పళ్ల మధ్య అడ్డంగా ఇరుక్కుని ఉండొచ్చు. వరుసగా వాంతులు, తిండి మానేయడం, పొట్ట ముట్టుకోనివ్వకపోవడం, విరేచనంలో రక్తం కనిపిస్తే ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో వాంతి చేయించకూడదు, మొనదేలిన పేడు పైకి వస్తూ గొంతు చీలుస్తుంది. కొరికిన చెక్క ముక్కను, దానికి పూసిన రంగు లేదా మందు డబ్బాను వెంట పట్టుకెళితే వైద్యుడికి సగం పని తప్పుతుంది.