ఇల్లు చిన్నదైతే సామాను ఎటు పోవాలి?

మా వారి ఉద్యోగ విరమణ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం క్వార్టర్స్ ఖాళీ చేసి, తార్నాకలో రెండు పడక గదుల ఫ్లాటుకు మారాం. దూరం కొద్దిపాటిదే. కానీ ఇరవై రెండేళ్ల సామానును తగ్గించుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ పనిలో తెలుసుకున్నవి దాతలైన మీకు ఉపయోగపడతాయని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందుగా మా పొరపాటు. మొదటి వారంలోనే పాత ఫ్రిజ్ ఒకటి ఓ సేవా సంస్థకు పంపించాం. అది చల్లబడటం మానేసి ఏడాదైంది. ‘వాళ్లే బాగు చేయించుకుంటారులే’ అనుకున్నాం. కొన్నాళ్లకు అక్కడి కార్యకర్త ఫోన్ చేసి మర్యాదగానే అన్నాడు: “ఆపా, దీన్ని మోయించడానికి ట్రాలీకి ఇచ్చిన డబ్బుతో ఒక పాపకు నోటుపుస్తకాలు వచ్చేవి.” సిగ్గుపడ్డాం. మేము చేసింది దానం కాదు, మా బరువును ఇంకొకరి నెత్తిన పెట్టడం.

ఆ తర్వాత సామానునంతా నాలుగు భాగాలు చేశాం: ఉంచుకునేవి, ఇచ్చేవి, అమ్మేవి, జాగ్రత్తగా వదిలించుకోవలసినవి.

ఇచ్చేవాటిని మనమే సిద్ధం చేయాలి. బట్టలు ఉతికి, ఊడిన గుండీలు కుట్టాం. రాగి దేగ్చాలకు కలాయి పూయించాం. కలాయి పోయిన రాగిలో పులుపు వండితే ప్రమాదం. కుట్టుమిషనుకు నూనె వేసి, కొత్త బెల్టు తొడిగి, కుట్టుపని చేసుకునే ఒక తల్లికి ఇచ్చాం. అత్తగారి వాకర్, చక్రాల కుర్చీ రోగులకు అరువిచ్చే చోటికి చేరాయి. అలా ఒక్క కుర్చీ ఎందరికో అక్కరకొస్తుంది.

పుస్తకాలను తొందరపడి తూకానికి వేయకండి. ఉస్మానియా 1918లో ఉర్దూ బోధనా భాషగా మొదలైంది. అందుకోసం 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా విజ్ఞానశాస్త్రం, చరిత్ర, న్యాయం వంటి విషయాల గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. తాతల బీరువాలో అలాంటి పుస్తకం దొరికితే, అది చిత్తుకాగితం కాదు. ఉర్దూ గ్రంథాలను, రాతప్రతులను భద్రపరిచే ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ 1931 నుంచి మన నగరంలోనే ఉంది. అలాంటి గ్రంథాలయాన్ని ముందుగా అడిగి చూడండి. పాఠ్యపుస్తకాల సంగతి వేరు. సిలబస్ మారినవి పిల్లలకు పనికిరావు, వాటిని కాగితం రీసైక్లింగ్‌కే వేయాలి. చిరిగిన ఖురాన్ ప్రతులను మాత్రం విడిగా ఉంచి మసీదులో అప్పగించాం.

ఇనుము, అల్యూమినియం, న్యూస్‌పేపర్లు వేరు చేసి పెడితే కబాడీవాలా మంచి ధరకే తీసుకుంటాడు. ఎలక్ట్రానిక్ వస్తువులు మాత్రం అతనికి ఇవ్వకండి. పాత డబ్బా టీవీ గాజులో సీసం, ట్యూబులైట్లలో పాదరసం ఉంటాయి. రాగి కోసం వైర్లను కాలిస్తే వచ్చే విషపు పొగను పీల్చేది ఆ పని చేసే పేదవాడే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, పాత పరికరాలు రీసైక్లింగ్‌కు చేరేలా చూసే బాధ్యత తయారీదారులది. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఎక్కడ ఇవ్వాలో అడగండి. మేమూ చివరకు ఆ ఫ్రిజ్‌ను వెనక్కి తెప్పించి అలాగే పంపించాం. ఫోన్, కంప్యూటర్ ఇచ్చేముందు ఫొటోలు, బ్యాంకు వివరాలు పూర్తిగా తుడిచేయండి. గడువు దాటిన మందులు ఎవరికీ ఇవ్వకండి.

ఇంట్లోంచి ఏదైనా పంపేముందు ఇప్పుడు మేము మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాం. ఇది పనిచేస్తుందా? శుభ్రంగా ఉందా? తీసుకునేవాళ్లు కావాలన్నారా? మూడింటికీ అవునని జవాబు వస్తేనే పంపుతున్నాం, బండి కిరాయి కూడా మేమే ఇస్తున్నాం.

కుట్టుమిషను తీసుకున్న తల్లి మొన్న రంజాన్‌కు ముందు కబురు పంపింది: పండుగ బట్టల గిరాకీ చేతినిండా ఉందట. మా ఇంట్లో ఆ మిషను పదేళ్లు గుడ్డ కప్పుకొని మూలన కూర్చుంది. మీ ఇంటి మూలల్లో ఏముందో ఈ వారం ఒకసారి చూడండి.