అద్దె గదికి కిటికీ ఉందా?

మందులు ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతాయి. గాలి, వెలుతురు ఇంట్లోనే దొరకాలి. పేదలకు చౌకగా అద్దె ఇళ్లు కట్టేందుకు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటును వైద్యులు కూడా పట్టించుకోవాల్సింది అందుకే.

మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం ఉండే గదిలోకి ఎప్పుడైనా వెళ్లారా? చాలాచోట్ల అది సెల్లార్‌లోనో, మెట్ల కిందో ఉంటుంది. వంట, నిద్ర, పిల్లల చదువు అన్నీ అందులోనే. మీ పనిమనిషి, డ్రైవరు, ఉద్యోగం కోసం నగరానికి వచ్చిన మీ బంధువుల అబ్బాయి ఉండే గదులూ తరచుగా ఇలాంటివే. వారి జీతానికి అందే అద్దెలో దొరికేవి అవే మరి.

ఇరుకు గదితో వచ్చే జబ్బులు

క్షయ ఉన్న వ్యక్తి దగ్గినప్పుడు వెలువడే సూక్ష్మ తుంపరలు గాలి ఆడని గదిలో గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. కిటికీ తెరిస్తే అవి పలచబడతాయి, ఎండ తగిలితే క్రిములు చస్తాయి. అందుకే మా ఓపీలో క్షయ రోగిని అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, ‘గదిలో ఎంతమంది పడుకుంటారు?’ అని. ‘ఐదుగురం’ అని జవాబొస్తే మిగతా నలుగురికీ పరీక్షలు చేయాల్సిందే. రోగికి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది, పోషకాహారానికి నెలకు రూ.1,000 జమ చేస్తుంది. కానీ ఇంటికి వెళ్లాక పడుకునేది మళ్లీ ఆ గదిలోనే.

క్షయ ఒక్కటే కాదు. చెమ్మ పట్టిన గోడల బూజు ఆస్తమాను రేపుతుంది. పడకగదిలోనే వంట చేస్తే ఆ పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పక్కపక్కనే పడుకునేవారికి గజ్జి ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. మూత లేని నీళ్ల డ్రమ్ముల్లో డెంగీ దోమ పెరుగుతుంది.

గ్రాంటు ఎలా ఇస్తారు?

కరోనా లాక్‌డౌన్‌లో వలస కూలీలు సొంతూళ్లకు నడిచి వెళ్లిన ఏడాదే, 2020 జులైలో, కేంద్రం అద్దె ఇళ్ల సముదాయాల పథకాన్ని ఆమోదించింది. ఇందులో రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ప్రభుత్వ నిధులతో కట్టి ఖాళీగా ఉన్న ఇళ్లను బాగుచేసి అద్దెకు ఇవ్వడం. రెండోది, ప్రైవేటు లేదా ప్రభుత్వ సంస్థలు తమ స్థలంలో కొత్తగా కట్టడం. కొత్త నిర్మాణ పరిజ్ఞానంతో కడితే సింగిల్ బెడ్‌రూమ్‌కు రూ.60,000, డబుల్ బెడ్‌రూమ్‌కు రూ.లక్ష, డార్మిటరీలో పడకకు రూ.20,000 గ్రాంటు. 2024లో వచ్చిన పీఎం ఆవాస్ యోజన పట్టణ 2.0లోనూ అద్దె ఇళ్లకు చోటు ఉంది. ఇప్పుడు చదరపు మీటరుకు కేంద్రం రూ.3,000, రాష్ట్రం రూ.2,000 ఇస్తాయి.

దీని అవసరం ఏమిటో తమిళనాడు చూసింది. 2021 డిసెంబరులో చెన్నై సమీపంలో, ఫ్యాక్టరీలో పనిచేసే యువతులు ఉండే ఒక ప్రైవేటు హాస్టల్లో ఆహారం కలుషితమై వంద మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. 2024 ఆగస్టులో శ్రీపెరుంబుదూర్ దగ్గర వల్లం వడగల్‌లో 18,720 మంది మహిళా కార్మికులు ఉండేలా ప్రభుత్వ సంస్థ కట్టిన వసతి సముదాయం మొదలైంది. ఖర్చు రూ.706.50 కోట్లు. అందులో కేంద్రం గ్రాంటు రూ.37.44 కోట్లు, అంటే వందకు ఐదు రూపాయల పైచిలుకు.

ఈ వాటా చిన్నదే. అయినా ప్రజల డబ్బు కాబట్టి దాంతోపాటు షరతులు పెట్టే హక్కూ వస్తుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఒకే గది ఉన్న ఇంట్లో ఆ గది కనీసం 9.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 100 చదరపు అడుగులు ఉండాలి. పొడి వేడి ప్రాంతాల్లో నేల విస్తీర్ణంలో పదో వంతు, ఉక్కపోత ప్రాంతాల్లో ఆరో వంతు గాలి వచ్చే కిటికీలు ఉండాలి. కట్టేటప్పుడే కాదు, జనం చేరాక కూడా ఏటా వీటిని తనిఖీ చేయాలి. పది పడకల చోట పదహారు వేస్తే గ్రాంటు ఇచ్చిన ప్రయోజనమే పోతుంది.

మీ చేతుల్లో ఉన్నవి

* అసోసియేషన్ సమావేశంలో వాచ్‌మన్ గది గురించి మాట్లాడండి. బయటికి తెరుచుకునే కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. కిటికీకి వీల్లేకపోతే గదినే మార్చండి.

* పిల్లలను హాస్టల్లో చేర్చే ముందు వంటగది, మంచినీళ్ల ట్యాంకు, మరుగుదొడ్లు చూడండి. పడకల మధ్య ఎడం, కిటికీలు తెరుచుకుంటున్నాయా లేదా గమనించండి.

* మీ ఇంట్లో పోర్షన్ అద్దెకు ఇస్తుంటే, ఒక రాత్రి అక్కడ మీరు పడుకోగలరా అని ఆలోచించండి.

* నీళ్ల డ్రమ్ములకు మూతలు పెట్టించండి. గదిలో ఒకరికి గజ్జి వస్తే అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి.

* మీ దగ్గర పనిచేసేవారికి రెండు వారాలు దాటి దగ్గు ఉంటే పని మాన్పించకండి. జీతం కోయకుండా సెలవిచ్చి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేసే కళ్లె పరీక్షకు పంపండి. ఆ గదిలో ఉండే పిల్లలనూ తీసుకురమ్మనండి.