పాతిక యూనిట్లకు ఓ ఎగురుడు!

పెద్దపల్లి నుంచి గోదావరిఖని వెళ్లే దారిలో బసంత్‌నగర్ దగ్గర ఓ రన్‌వే ఉంది. కేశోరాం సిమెంటు కర్మాగారం కోసం బిర్లాలు వేయించుకున్నది. 1980ల్లో వాయుదూత్ చిన్న విమానాలు హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ వాలేవి. ఆ సర్వీసులు ఆగాక అటు చూసేవాళ్లే కరవయ్యారు.

విమానం వాలినా వాలకపోయినా, దాన్ని నడపాలని కలగనే పిల్లలు ఈ చుట్టుపక్కలా ఉంటారు. చిక్కల్లా ఖర్చుతోనే. కమర్షియల్ పైలట్ లైసెన్సు రావాలంటే మన దేశంలో కనీసం 200 గంటలు ఎగరాలి. మొత్తం ఖర్చు అర కోటి దాకా, ఒక్కోసారి అంతకు మించీ అవుతుంది. ఇల్లో పొలమో తాకట్టు పెట్టకుండా అంత సొమ్ము తేగల కుటుంబాలు ఎన్ని?

అందులో పెద్ద వాటా ఇంధనానిది. శిక్షణ విమానం గంటకు పాతిక ముప్ఫై లీటర్లు తాగేస్తుంది. అదీ మన బండిలో పోసే పెట్రోలు కాదు, ఏవీగ్యాస్ అనే ప్రత్యేక రకం. 2022లో ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారీ మొదలెట్టేదాకా దాన్ని దిగుమతి చేసుకోవాల్సిందే.

మరి కరెంటుతో నడిస్తే? స్లొవేనియా సంస్థ పిపిస్ట్రెల్ తయారుచేసిన వెలిస్ ఎలక్ట్రో అలాంటిదే. రెండు సీట్లు. 2020 జూన్‌లో ఐరోపా విమాన భద్రతా సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ప్రపంచంలో ఆ అర్హత సాధించిన తొలి విద్యుత్ విమానం ఇదే. దాని బ్యాటరీలు నిండటానికి దాదాపు పాతిక యూనిట్లు చాలు. యూనిట్ పది రూపాయలనుకున్నా రెండొందల యాభై!

అయితే సంబరపడిపోవడానికి లేదు. ఒకసారి ఛార్జి చేస్తే ఎగిరేది యాభై నిమిషాలే. మళ్లీ నింపడానికి గంటకు పైనే. కొన్ని వందల గంటలయ్యాక బ్యాటరీలే మార్చాలి, అవేమో ఖరీదు. పైగా రామగుండం ఎండలు నలభై అయిదు డిగ్రీలు దాటే రకం. వేడి బ్యాటరీకి పడదు. దూర ప్రయాణాల పాఠానికి పెట్రోలు విమానం ఎక్కక తప్పదు. కానీ కొత్తగా చేరినవాళ్లు చేసేదేమిటి? లేవడం, రన్‌వే చుట్టూ తిరగడం, దిగడం... మళ్లీ లేవడం. దానికి యాభై నిమిషాలు బొటాబొటీగా సరిపోతాయి.

మనవాళ్లూ ఆ దారిలోనే ఉన్నారు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ రెండు సీట్ల ‘ఈ-హంస’ను రూపొందిస్తోందని 2025 మేలో కేంద్రమంత్రి జితేంద్రసింగ్ ప్రకటించారు. ధర దాదాపు రెండు కోట్లట. దిగుమతి చేసుకునే శిక్షణ విమానాల్లో సగం!