వార్తల్లో పదం: ఏరోథర్మోఎలాస్టిసిటీ

హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్ 2025 ఏప్రిల్‌లో అతివేగ వాహనాలను నడిపే స్క్రామ్‌జెట్ ఇంజిన్ కంబస్టర్‌ను (ఇంధనం మండే గదిని) నేల మీద 1,000 సెకన్లకు పైగా మండించింది. వేగం సంగతి సరే, సెకన్ల లెక్క ఎందుకంత ముఖ్యం? హైపర్‌సోనిక్‌లో, అంటే ధ్వనికి 5 రెట్లు దాటిన వేగంలో, అసలు గండం వేడితోనే. అది క్షణక్షణానికీ పేరుకుంటుంది.

గాలి, వేడి, లోహం వంగే గుణం ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో చెప్పేదే ఏరోథర్మోఎలాస్టిసిటీ. కొలిమిలో కాలిన ఇనుములాగే వాహనం ఒళ్లూ మెత్తబడుతుంది. ముక్కు కాస్త వంగితే చాలు, షాక్ తరంగం పడే చోటు జరుగుతుంది. దాంతో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి, ఆ వెంటే థ్రస్ట్ (ముందుకు తోసే బలం) మారిపోతాయి. ఇంజిన్ ఉండేది పొట్ట కింద. కాబట్టి థ్రస్ట్ మారగానే ముక్కు మళ్లీ కదులుతుంది.

నియంత్రణకు ఇంతకన్నా చిక్కు లేదనుకుంటాను. వాహనం తిరిగిందో, దాని ఒళ్లు ఊగిందో, తిరుగుడును కొలిచే జైరోకు తేడా తెలియదు. పొరబడితే కంట్రోల్ ఫిన్లు ఊగుడును ఆపబోయి పెంచేస్తాయి. ఆ ఊగుడు ఫ్రీక్వెన్సీని వడగట్టడానికి ఫిల్టర్ పెడతారు. కానీ వేడెక్కేకొద్దీ ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, ఇంధనం ఖర్చయ్యేకొద్దీ పెరుగుతుంది. ఫిల్టర్ దాన్ని వెంటాడాల్సిందే.

వేడి ఎంత మొండిదో అమెరికా రాకెట్ విమానం ఎక్స్-15 చూపించింది. 1967 అక్టోబరు 3న పైలట్ పీట్ నైట్ దాన్ని మాక్ 6.7 (ధ్వనికి 6.7 రెట్లు) దాకా నడిపాడు. కింద తగిలించిన నమూనా ఇంజిన్ నుంచి పుట్టిన షాక్ తరంగాలు తోక కింది పైలాన్‌కు చిల్లులు కాల్చాయి. నమూనా ఊడి పడిపోయింది. నైట్ క్షేమంగా దిగాడు. ఆ విమానం మాత్రం మళ్లీ ఎగరలేదు.